గ్రిప్పు దగ్గర విరిగిన ముక్కలు

మా ల్యాబులో కడ్డీలు విరగ్గొట్టడమే పని. వినడానికి రౌడీల వ్యవహారంలా ఉంటుంది కానీ దానికి చాలా ఓపిక కావాలి. కడ్డీని రెండు చివరలా గ్రిప్పుల్లో బిగిస్తే మెషీను దాన్ని లాగుతుంది, వదులుతుంది. అలా లక్షల సార్లు చేశాక ఒకరోజు అది టప్పున విరుగుతుంది. ఎన్నిసార్లకు విరిగిందో విద్యార్థి రాసుకుంటాడు, అతనికి డాక్టరేటు వస్తుంది. ఆ కడ్డీని లేతు మీద తయారుచేసేది నేను. నాకు నడుంనొప్పి వస్తుంది.

కడ్డీని సరిగ్గా మధ్యలో నడుంలాగా సన్నగా చెయ్యాలి, అక్కడే విరగాలని. ఒక్కోటి చెక్కి, ఎమిరీ కాగితంతో నున్నగా రుద్దేసరికి ఒక పూట గడిచిపోతుంది. అంతా చేసినా పదింటిలో ఒకటో రెండో నడుం దగ్గర కాకుండా గ్రిప్పు దగ్గర విరుగుతాయి. అలా విరిగితే పరీక్ష చెల్లదు. అన్ని ల్యాబుల్లోనూ అదే రూలట. "బాబాయ్, ఇది పోయింది, ఇంకోటి చేస్తారా?" అంటారు పిల్లలు. ఆ 'పోయింది' అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒక పూట నా పని అంత తేలిగ్గా ఎలా పోతుంది? పారేయడానికి చేతులు రాక ఆ ముక్కలను ఒక పెయింటు డబ్బాలో వేసి, ఒక్కోదానికీ చీటీ కట్టేవాడిని. తేదీ, ఎంత బరువు పెట్టారు, ఎన్నిసార్లకు విరిగింది, ఎవరిది. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక డబ్బా మూడు డబ్బాలయింది.

ఇంతకీ నేను చెప్పవలసింది నా గురించి కాదు, డాక్టరమ్మ గురించి. డాక్టరేటు రాకముందే, ల్యాబుకు వచ్చిన మొదటి వారంలోనే నేను ఆ పేరు పెట్టేశాను. మెషీను పక్కన ఎత్తు స్టూలు మీద ఒక కాలు మడిచి కూర్చుని, చప్పుడు వింటూ నోట్సు రాసుకునేది. చప్పుడులో చిన్న తేడా వచ్చినా తల ఎత్తేది. వాళ్ళమ్మ బట్టలు కుడుతుంది. రోజూ సాయంత్రం ఆరింటికి ఫోను చేసేది.

"ఎప్పుడైపోతుందమ్మా ఈ చదువు?"

"కడ్డీ విరగాలి కదమ్మా."

"మరి విరగ్గొట్టేయరాదూ?"

స్పీకరులో ఆ మాట విని ల్యాబంతా నవ్వేవాళ్ళం.

అయిదో ఏడు వచ్చింది. థీసిస్ దాదాపు పూర్తయింది. సరిగ్గా అదే నెలలో రెండు దారులు ఎదురయ్యాయి. టర్ము చివరికి థీసిస్ ఇచ్చేస్తే డిపార్టుమెంటులో లెక్చరరు పోస్టు ఖాయమన్నారు ప్రొఫెసరుగారు. ప్యాకింగ్ మెషీన్లు నడిపే ఒక ఫ్యాక్టరీ ఒకటో తారీఖు నుంచే రమ్మంది. థీసిస్ అక్కడి నుంచే ఇచ్చుకోవచ్చట. ఏ సంగతో నెలాఖరులోగా చెప్పాలి.

నేను ఫ్యాక్టరీ పక్షం. "ఇక్కడ పదేళ్ళు కూర్చుంటే నువ్వూ ప్రొఫెసరుగారిలా కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని దానికోసం గదంతా వెతుకుతావు" అని పోరు పెట్టాను. మన పిల్ల గాలీ వెలుతురూ ఉన్నచోట నలుగురిలో పని చేస్తే చూడాలని నా ఆశ.

ఒకరోజు ఫ్యాక్టరీ చూసి రమ్మని పంపారు. మర్నాడు మొహం వెలిగిపోతూ వచ్చింది. ఒక మెషీనుకు అడ్డుగా పెట్టే గార్డు రేకు వదులుగా ఉందని పొద్దున తను చెబితే మధ్యాహ్నానికల్లా బిగించేశారట. మా దగ్గరైతే దానికి రెండు మీటింగులు. ఇక వెళ్ళినట్టే అనుకుని నేను లేతు ఆపి చేతులు తుడుచుకున్నాను. కానీ ఆమె చెప్పడం పూర్తి కాలేదు.

అక్కడి మెయింటెనెన్సు పెద్దాయన ఒక అరలో నుంచి వాళ్ళ మెషీన్లలో విరిగిన కడ్డీలు తీసి చూపించాడట. అన్నీ బిగించిన చోటే విరిగాయి. "మీ ల్యాబులో ఎక్కడ విరుగుతాయమ్మా?" అని అడిగాడట.

"మధ్యలోనండీ. బిగించిన చోట విరిగితే లెక్కలోకి తీసుకోం."

ఆయన నవ్వాడట. వెక్కిరింపు కాదు, నిజంగానే నవ్వొచ్చి. "మావి అక్కడే విరుగుతాయి. నేనొచ్చి ఇరవై ఏళ్ళయింది, మధ్యలో విరిగింది ఒక్కటీ చూళ్ళేదు."

"ఎందుకో చూశారా?"

"చూడ్డానికి టైమెక్కడిది? లైను ఆగితే రెండు గంటల్లో నడిపించాలి. కొత్తది వేస్తాం, నడుపుతాం. ఎందుకో అక్కడ మీలాంటివాళ్ళు చూస్తున్నారనుకున్నాం."

ఇదంతా చెప్పాక డాక్టరమ్మ అడిగింది. "బాబాయ్, మనం తీసేసిన ముక్కలు ఎక్కడికి పోతాయి?"

పాత ఇనుములోకి అని ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. పిల్ల హాయిగా ఫ్యాక్టరీకి వెళ్ళిపోయేది. కానీ ఇరవై ఎనిమిదేళ్ళలో ఎవరూ అడగని మాట అడిగింది. నా నోరు నా మాట వినలేదు. బల్ల కింద నుంచి మూడు డబ్బాలూ బయటికి లాగాను.

నేల మీద కాగితాలు పరిచి, బరువుల వారీగా ముక్కలన్నీ పేర్చింది. రెండు వందల పదకొండు. ఆరింటికి అమ్మ ఫోను మోగితే తియ్యలేదు. భూతద్దం పెట్టి చూసి నన్ను పిలిచింది. దాదాపు అన్నిటికీ విరిగిన చోటు పక్కనే ఎర్రటి పొడి మరక ఉంది. ముక్కలు తిప్పితిప్పి చూసిన నాకే అది తుప్పనిపించింది.

"తుప్పు కాదు బాబాయ్. గ్రిప్పులో కడ్డీ కనపడనంత కదులుతోంది. ఒరుసుకుని ఒరుసుకుని పగులు అక్కడే మొదలవుతోంది. ఈ పొడి ఆ ఒరిపిడిదే."

మర్నాడు ప్రొఫెసరుగారి దగ్గరికి వెళ్ళి ఇంకో ఏడాది కావాలంది. ముక్కలు మోసే మనిషిగా నేనూ వెంట వెళ్ళాను.

"అది వేరే థీసిసమ్మా. ఇది ఇచ్చేసి పోస్టులో చేరు, తరవాత తీరిగ్గా చూసుకోవచ్చు" అన్నారాయన.

ఆమె ఒక ముక్క బల్ల మీద పెట్టింది. ఆయన కళ్ళజోడు కిందికి దించుకుని చీటీ చదివారు. చాలాసేపు చదివారు, అందులో ఉన్నవి నాలుగు మాటలే అయినా.

"ఇది నాదా?" అని నన్నడిగారు.

"మీదే సార్. మీరు చదువుకునే రోజుల్లోది. పోయింది, ఇంకోటి చెయ్యమన్నారు."

ఆయన చెడ్డవాడు కాదు. అప్పుడు ఆయనా తరవాత చూద్దామనుకున్నారేమో, వారానికి పదహారు క్లాసుల్లో ఆ 'తరవాత' ఎక్కడికి పోయిందో. ముక్కను అటూ ఇటూ తిప్పి, "ఏడాది ఇస్తాను. పోస్టు మాత్రం ఆగదు. వేరే వాళ్ళు చేరిపోతారు" అన్నారు. ఆమె తల ఊపింది.

ఫ్యాక్టరీకి నా ఎదురుగానే ఫోను చేసింది. రాలేనని చెప్పి, వాళ్ళ విరిగిన కడ్డీలు పంపమని అడిగింది. "పంపిస్తానమ్మా. నీ చోటు ఖాళీగా ఉంచడం మాత్రం నా చేతిలో లేదు" అన్నాడట పెద్దాయన. ఆ తరవాత అమ్మకు ఫోను. "ఇంకో ఏడాదమ్మా" అన్నాక చాలాసేపు వింటూ నిలబడింది. పెట్టేసి, లేతు వెనక్కి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. నాకు బాధేసింది. పోస్టూ పోయింది, ఫ్యాక్టరీ పోయింది, రెండూ నా డబ్బాల మూలానే. ఆ మాటే అన్నాను.

"మీరు దాచకపోతే నేను ఇదే పని ఇంకోచోట చేస్తూ ఉండేదాన్ని బాబాయ్. విరిగింది పారెయ్యడం, కొత్తది వెయ్యడం, నడపడం" అంది. ముక్కు ఎర్రగానే ఉంది. "ఒక శాంపిల్ చేసిపెడతారా? నడుం వద్దు. తిన్నగా ఉండాలి. గ్రిప్పు దగ్గరే విరగాలి."

వినడానికి సులువే. నడుం లేని కడ్డీకి పూట కూడా అక్కర్లేదు. కానీ అలవాటుపడ్డ చెయ్యి రెండుసార్లు దానంతటదే మధ్యలోకి వెళ్ళి సన్నం చేసింది. ఆ రెండు కడ్డీలూ పాడయ్యాయి. "డాక్టరమ్మా, నాక్కూడా ఇంకో ఏడాది కావాలి" అంటే నవ్వింది. మూడోది తిన్నగా వచ్చింది.

మెషీనులో బిగించిన ఆరో రోజు మధ్యాహ్నం, నేను టీ గ్లాసు కడుగుతుండగా టప్పుమంది. పరిగెత్తాను. గ్రిప్పు దగ్గరే విరిగింది, పక్కన ఎర్రటి పొడి. ఎప్పటిలాగే సొరుగులోంచి చీటీ, దారం తీసి చెయ్యి చాపాను.

ఆమె ముక్క ఇవ్వలేదు. నోట్సులో కొత్త పేజీ తిప్పి, తేదీ వేసి, ఒకటి అని అంకె రాసి, ఆ కాగితం మీదే ముక్కను జాగ్రత్తగా పెట్టుకుంది. నా చీటీ నా చేతిలోనే ఉండిపోయింది.