సమర్‌ఖండ్‌లో తిరిగొచ్చిన నోరు

సాగర్ రోడ్డు మీద మా ఇబ్రహీంపట్నం దాటగానే ఈ మధ్య ఒక వెంచర్ వాళ్లు పెద్ద కమాను కట్టి, దాని నెత్తిన నీలం గుమ్మటం ఒకటి నిలబెట్టారు. లోపల హద్దురాళ్లు తప్ప పిట్ట కూడా లేదు గానీ, బయటి నుంచి చూస్తే ఏ బాదుషానో లోపల కొలువుదీరాడనిపిస్తుంది. మొన్న సాయంత్రం నా దవాఖాన మూసి అటుగా వెళ్తూ కారు ఆపి, ఉండబట్టలేక, ఇది గుమ్మటం నీలం కాదు, ప్లాస్టిక్ బిందె నీలం అని అక్కడి మేనేజరుతో అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "గుమ్మటాలకు గీ రంగే ఏస్తరు మేడం, మీరు ఎన్నడన్న చూసిన్రా?" అన్నాడు. చూశానా అని నన్నే అడిగాడు! పోయిన నోరు నాకు తిరిగొచ్చింది ఆ గుమ్మటాల కిందనే. ఆయనకు చెప్పే ఓపిక లేక వచ్చేశాను గానీ, నా ఈడు వాళ్లకు చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

సోవియట్ దేశం ముక్కలైన కొత్తలో బాపు నన్ను డాక్టరు చదువుకు సమర్‌ఖండ్ పంపించాడు. వ్యవసాయం తప్ప మరొకటి తెలియని ఇంట్లో ఆడపిల్లను అంత దూరం పంపడమేమిటని చుట్టాలందరూ ముక్కు మీద వేలేసుకున్నారు. అందరికంటే మా చిన్నబాపు ఎక్కువ. "ఫెయిలై ఇంటికొస్తె నలుగుర్ల ఏం మొహం పెట్టుకుంటవే అన్నా?" అని బాపును వాకిట్లోనే నిలదీశాడు. బాపు తువ్వాల దులిపి భుజాన వేసుకుంటూ, "దాని నోటికి ఆడున్నోళ్లే భయపడాలె గని, అది ఎందుకు ఫెయిలైతదిరా" అన్నాడు. నా నోటి మీద ఆయనకున్న నమ్మకం అలాంటిది. స్కూల్లో పంతుళ్లతో, బస్సులో కండక్టర్లతో, ఇంట్లో అందరితో వాదించి గెలిచిన నోరు మరి.

ఆ నోరు అక్కడికి వెళ్లగానే మూతపడింది. పాఠాలన్నీ రష్యన్‌లో. పుస్తకం చదివితే అర్థమయ్యేది, రాయమంటే రాసేదాన్ని. మాట్లాడమంటే మాత్రం, ఏ మాటకు ఏ విభక్తి తోక తగిలించాలో లోపల లెక్క వేసుకునేలోపే ఎదుటివాడు వెళ్లిపోయేవాడు. అక్కడి పరీక్షలేమో నోటితోనే. బల్ల మీద బోర్లించిన చీటీల్లోంచి ఒకటి తీసి, దాని మీదున్న ప్రశ్నకు ప్రొఫెసరు ఎదుట నిలబడి జవాబు చెప్పాలి. శరీర నిర్మాణ శాస్త్రంలో నాకు కాలేయం వచ్చింది. దాని గురించి తెలియనిది లేదు, అయినా చెట్టులా నిలబడి బయటికి వచ్చేశాను. మళ్లీ ఒక్క అవకాశం ఇస్తారట, అందులోనూ పోతే విమానం ఎక్కిస్తారట.

ఆ దిగులులో నేను చేసిన పని ఊరంతా తిరగడం. రెగిస్తాన్ అనే మైదానంలో ఎదురెదురుగా నిలబడిన మూడు మదరసాల మధ్య, మధ్యాహ్నపు ఎండలో నోరు తెరుచుకుని నిలబడ్డానంటే నమ్మండి. చిన్నప్పుడు స్కూలు వాళ్లు తీసుకెళ్లి చూపించిన గోల్కొండ సమాధుల గుమ్మటాలు నాకు తెలుసు, అవి నల్లబడిన సున్నపు రంగు. ఇవి నీలం, అది కూడా ఒక నీలం కాదు. పొద్దున ఒకటి, మబ్బు పడితే ఒకటి, మంచు కురిసి కరిగాక మరొకటి. అంత పెద్ద గోడల మీద గోరంత పెంకు ముక్కలు పేర్చిన మనుషుల ఓపికను చూస్తే, నా భయం కాసేపు చిన్నదైపోయేది.

ఒకరోజు పోస్టాఫీసులో గంటల తరబడి కూర్చుంటే ఇంటికి ఫోను కలిసింది. నోరు పెగలడం లేదని అమ్మతో చెప్పి ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. "ఫికర్ చెయ్యకు బిడ్డా, మన దర్గల పీరుకు మొక్కిన. ఆడ గూడ ఏదన్న దర్గ ఉంటె చూసి మలీద పెట్టు" అంది. పరీక్షకూ మలీదకూ ఏం సంబంధమని నేను మొదలుపెట్టగానే, "నోరిచ్చెటోనికి ముందుగాల నోరు తీపి చెయ్యాలె" అని ఫోను పెట్టేసింది. మా వైపు వాళ్లకు మలీద అంటే వివరించనక్కర్లేదు. రొట్టె చిదిమి, బెల్లం, నెయ్యి వేసి కట్టిన ముద్దలు సద్దుల బతుకమ్మకూ పెడతాం, పీర్లకూ పెడతాం. ఇది ఎవరిదని మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ అడగలేదు.

అక్కడ బెల్లం లేదు. బజారులో పటికబెల్లం దొరికింది, దాన్ని వాళ్లు కూడా మా నాయనమ్మలాగా నవాత్ అనే అంటుంటే ప్రాణం లేచొచ్చింది. తందూరు రొట్టె చిదిమి, వెన్న కరిగించి, హాస్టలు గదిలో ముద్దలు కట్టాను. విజయవాడ వైపు నుంచి వచ్చిన నా రూమ్మేటు నెత్తి కొట్టుకుంటూ నా వెనకే బయలుదేరింది. వెళ్లింది షాహె జిందాకు. గుట్ట మీదికి మెట్లెక్కితే సన్నటి సందు, దానికి అటూ ఇటూ నీలం గుమ్మటాల సమాధులు. కొసన అక్కడి వాళ్లు మొక్కే ఒక పీరు సమాధి. ఆ గడపలో ముద్దల గిన్నె దించి, అలవాటుగా చెప్పులు విడిచి చేతులు జోడించానో లేదో, కుర్చీలో కూర్చుని స్వెటరు అల్లుకుంటున్న లావాటి కావలి ఆవిడ "నెల్‌జ్యా!" అని అరిచింది. కూడదు అని అర్థం; ఆ దేశంలో పరాయి విద్యార్థి మొదట నేర్చుకునే మాట అదే.

రూమ్మేటు నా చెయ్యి లాగుతూ, "మ్యూజియంలో ముద్దలేంటే తల్లీ, ఇద్దర్నీ పంపించేస్తారు, నడువ్!" అంటోంది. నేను కదలలేదు. ఎందుకు కూడదన్నాను. ఇది చారిత్రక కట్టడమంది కావలి ఆవిడ. లోపల మనిషి ఉన్నాడా లేడా అన్నాను. ఉన్నాడంది. మనిషి ఇంటికి వట్టి చేతులతో ఎవరైనా వస్తారా అన్నాను. ఇల్లు కాదు, ప్రభుత్వానిదంది. నాకు చెప్పింది ప్రభుత్వం కాదు, మా అమ్మ, మీకు అమ్మ లేదా అన్నాను. ఈలోపు పల్లెల నుంచి రొట్టెల మూటలతో వచ్చిన ముసలమ్మలు చుట్టూ చేరి, ప్రార్థనకూ మొక్కుకూ నేను వాడిన "దువా", "నియ్యత్" వినబడగానే, అవి వాళ్ల మాటలు కూడా కాబట్టి, నా పక్షం చేరి తలా ఒకటి అనడం మొదలుపెట్టారు. చివరికి ఆవిడ సూదులు ఒళ్లో పడేసి పకపకా నవ్వింది. నీ రష్యన్ ఘోరం, నోరు మాత్రం అచ్చం మా అత్తగారిదే అంది. గడప బయట పెట్టుకోనిచ్చి, తనే మొదటి ముద్ద తీసుకుంది.

మెట్లు దిగుతుంటే రూమ్మేటు ఆగిపోయి నా మొహంలోకి చూసి, "ఒసేయ్, నువ్వు ఇందాకటి నుంచీ రష్యన్‌లోనే పోట్లాడావ్!" అంది.

అవును. తోకల లెక్క ఒక్కసారి కూడా వేసుకోలేదు.

మళ్లీ పరీక్షకు నిలబడ్డ రోజు మూత్రపిండాలు వచ్చాయి. ప్రొఫెసరు మధ్యలో చాలు అన్నాడు. చాలదు, నేనింకా ముగించలేదన్నాను. ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టి మొత్తం విన్నాడు. అయిదుకు నాలుగు వేశాడు. ఒకటి ఎందుకు తగ్గిందని అడిగాను. ఆయన జవాబు చెప్పాడు, నేను ఎదురు జవాబు చెప్పాను, బయట వరుసలో నిలబడ్డ వాళ్లంతా తలుపు సందుల్లోంచి చూశారు. ఒకటి కలవలేదు గానీ, బయటికి వచ్చేటప్పుడు నా నడక చూడాల్సింది!

సెలవులకు ఇంటికొస్తే చిన్నబాపు వాకిట్లో కనబడి పక్కకు తప్పుకున్నాడు. అమ్మ మాత్రం ఊరుకోలేదు. "చూసినవా, పీరు నోరిచ్చిండు" అంది. పీరు కాదు, ఆ కొట్లాట ఇచ్చిందని నేనన్నాను. అమ్మ బియ్యం చెరుగుతూనే, తల కూడా ఎత్తకుండా, "మరి నిన్ను ఆ కొట్లాటకు తోలినోడు ఎవడే?" అంది.

ఇన్నేళ్ల దవాఖానలో నాతో వాదించి గెలిచిన రోగి లేడు. ఇప్పుడైతే అసలు వాదించేవాళ్లే కరువయ్యారు. చెప్పిన ప్రతిదానికీ తలూపి, బయటికెళ్లి ఫోన్లో చూసుకుని, తమకు తోచింది చేస్తారు; ఎదురుగా కూర్చుని కాదు అని అనేంత చనువు ఎవరికీ ఎవరితోనూ మిగల్లేదు. అమ్మ పోయింది. ఆమె వేసిన ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికి మంచి జవాబులు చాలా పోగయ్యాయి, ఒకదాన్ని మించినది ఒకటి. వినగానే కొట్టిపారేసే మనిషే లేదు.