మా బావమరిది తడిసి వచ్చిన పూట

దెయ్యాలూ గియ్యాలూ అంటే నాకు ఒళ్ళు మంట. పోర్టులో క్రేన్ నడుపుతాను. అంత ఎత్తున కేబిన్‌లో ఒక్కడివే కూర్చుంటావు కదా, ఎప్పుడైనా ఏమైనా కనిపించిందా అని అడిగినవాళ్ళని తిట్టి పంపించేవాణ్ణి. ఇది కూడా మా ఇంట్లో జరక్కపోతే నమ్మేవాణ్ణి కాదు.

మా బావమరిది సంతోష్ వేరే రాష్ట్రంలో పైలట్ ట్రైనింగ్‌లో ఉండేవాడు. వాళ్ళమ్మ, అంటే మా అత్త, మల్కాపురంలో మా దగ్గరే ఉంటుంది. పక్కన సార్ లేకుండా మొదటిసారి ఒంటరిగా విమానం నడపబోతున్నానని ముందురోజు వాడు ఫోన్ చేశాడు. ఎగరడం తేలికే గానీ దించడమే కష్టమన్నాడు. ఆ మాట అమ్మకి చెప్పొద్దన్నాడు.

మర్నాడు నాకు వీక్లీ ఆఫ్. ఎండ పేలిపోతోంది. అత్త బజారుకెళ్ళింది, మా ఆవిడ వంటింట్లో ఉంది. ముందు గదిలో టేబుల్ ఫ్యాన్ విప్పుకుని తుడుస్తున్నాను. అలికిడైతే తలెత్తాను. గుమ్మంలో సంతోష్. తల నుంచి కాళ్ళ దాకా నీళ్ళు కారుతున్నాయి. తెల్లచొక్కా ఒంటికి అతుక్కుపోయింది. నవ్వుతున్నాడు.

"దిగిపోనాను బావా. ఒక్కడినే," అన్నాడు.

నాకు కోపమొచ్చింది. చెప్పాపెట్టకుండా ఊడిపడడమేమిటి, ఇంత ఎండలో ఎక్కడ తడిశాడు? ముందు తల తుడుచుకోరా అంటూ తువ్వాలు కోసం లోపలికెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఎవరూ లేరు. వీధిలోనూ లేడు. ఈలోగా మా ఆవిడ వచ్చింది.

"ఈడ నీలు ఎవులు ఒంపీసేరు?" అని నా మీద విసుక్కుంది.

గుమ్మం దగ్గర నేలంతా తడి. ఆవిడ గుడ్డ పెట్టి తుడుస్తుండగానే సంతోష్ ట్రైనింగ్ స్కూలు నుంచి ఫోన్ వచ్చింది.

చక్రాలు నేలకి తగలగానే విమానం పైకి ఎగిరిపడిందట. కంగారులో విమానం ముక్కుని కిందికి నొక్కేశాడట. కొత్తవాళ్ళు చేసే తప్పేనట. ముందు చక్రం విరిగి బోల్తా కొట్టింది. మావాడు అక్కడికక్కడే పోయాడు. అవతల మనిషి ఇంకా ఏదో చెబుతున్నాడు, నాకేమీ వినబడలేదు.

వాణ్ణి తీసుకురావడానికి వెళ్ళినప్పుడు వాడి స్నేహితుడొకడు ఏడుస్తూ చెప్పాడు. మొదటిసారి ఒంటరిగా దిగినవాడి మీద అందరూ చేరి బకెట్లతో నీళ్ళు గుమ్మరించడం అక్కడ ఆనవాయితీ. వీడి కోసం నింపిన బకెట్లు షెడ్డు దగ్గర అలాగే ఉండిపోయాయి.

ఆ సంగతి అంతకుముందు నాకు తెలియదు. మా ఆవిడకీ తెలియదు. పోనీ, నేను చూసింది భ్రమే అనుకుందాం. మరి ఆవిడ తుడిచిన నీళ్ళేమిటి? ఈ రోజుకీ నా బుర్రకి అందదు.

అత్త తిండి మానేసింది. ఆఖరి క్షణంలో బిడ్డ ఎంత భయపడ్డాడో అని ఒకటే అడగడం. చూడలేక ఒకరోజు అంతా చెప్పేశాను. నవ్వుతూ వచ్చాడని చెప్పాను. ఆవిడ ఏడవలేదు.

"తల తుడుసుకున్నాడేటి బాబూ?" అంది.



"తుడుసుకున్నాడత్తా," అన్నాను.