ఆయమ్మ అడిగిన తలుపు

ఈ ఉదయం హాస్టల్ వరండాలో చీపురు గీతలు అడ్డంగా ఉన్నాయి. ఆయమ్మ ఎప్పుడూ నిలువుగా ఊడ్చేది, గోడ నుంచి మెట్ల దాకా. ఆమె పోయి ఇంకా వారం కాలేదు. అప్పుడే ఆమె పనిలో వేరే మనిషి ఉంది.

నేను చదువుకున్న కాన్వెంటులోనే ఇప్పుడు లైబ్రరీ చూసుకుంటున్నాను. కబురు వాచ్‌మన్ తాత తెచ్చాడు. కిటికీ బయట నిలబడి, "ఆయమ్మ పోయింది బిడ్డా. దవాఖానల. గుండె ఆగిందట" అన్నాడు. మధ్యాహ్నానికి నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. 'చెరగని చిరునవ్వుతో సేవ చేసిన' అని రాశారు. ఆ చిరునవ్వు వాళ్లకు ఎక్కడ కనబడిందో నాకు తెలియదు. ఆయమ్మ ఊరికే నవ్వే మనిషి కాదు. ఆమెకు కోపం ఉండేది, దానికి కారణం ఉండేది. ఆ కోపాన్ని పూలదండ కింద దాచేస్తుంటే చూడలేక ఇది రాస్తున్నాను.

ఆమెది రాష్ట్ర సరిహద్దు అవతలి అడవి. గొడవల్లో ఊరు కాలిపోతే, మిగిలినవాళ్లతో కలిసి నది దాటి ఏటూరునాగారం అడవిలోకి వచ్చింది. తర్వాత వర్ధన్నపేట వైపు మిర్చి ఏరడానికి వచ్చి, అక్కడి నుంచి మా హాస్టల్‌కు చేరింది. కుర్చీలో కూర్చునేది కాదు. జావ గ్లాసులో తాగేది కాదు, సొరకాయ బుర్రలోనే. మా తెలుగు మాలాగే నేర్చుకుంది, మాకంటే పదునుగా వాడింది.

ఏడో తరగతిలో నేను పెద్దమనిషినైన రోజు, బట్ట మీద మరక చూసి స్నానాల గదిలో దాక్కున్నాను. ఒక సిస్టర్ పేపర్లో చుట్టిన పొట్లం తలుపు సందులోంచి లోపలికి తోసి, "ఎవరితో అనకు" అని వెళ్లిపోయింది. ఆయమ్మ వచ్చి నన్ను ఇస్త్రీ గదిలోకి తీసుకుపోయింది. దుప్పట్ల మూట మీద కూర్చోబెట్టింది.

"పండుకో. ఇయ్యాల నీకు పని లేదు, ప్రేయర్ లేదు."

"సిస్టర్ అడిగితే?"

"నన్ను అడగమను."

సిస్టర్ అడిగింది కూడా. "ఆయమ్మా, పిల్లలకు ఇవన్నీ అలవాటు చేయకు. పాతకాలపు మూఢనమ్మకాలు."

"నమ్మకం కాదు సిస్టరమ్మా, నడుము నొప్పి" అంది ఆయమ్మ. మూట మీద పడుకుని నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ తర్వాత ఆమె ఆ గదికి లోపలి వైపు గడియ పెట్టించింది. మా హాస్టల్లో అమ్మాయిలు లోపల నుంచి వేసుకోగల తలుపు అదొక్కటే.

కాలిపోయిన ఊళ్లో అలాంటి ఇల్లు ఒకటి ఉండేదట. నెలసరి రోజుల్లో ఆడవాళ్లు అక్కడికే పోయేవాళ్లు. మట్టి గోడలు, గట్టి తలుపు, లోపల గడియ. వంట లేదు, దంచేది లేదు. ముసలమ్మలు వచ్చి ఊరి కబుర్లన్నీ చెప్పేవాళ్లు. "మొగోని మొఖం చూడకుంట నాలుగొద్దులు! అది పండుగ కాదా?" అనేది. వెంటనే మొహం మార్చుకునేది. "పండుగంటే నమ్మకు బిడ్డా. మైల అని పంపిన్రు. మేం పోయి పండుగ చేసుకున్నం."

నది దాటినప్పుడు మగవాళ్లు దేవుళ్లను తెచ్చుకున్నారు, డోలు తెచ్చుకున్నారు, మైల తెచ్చుకున్నారు. ఆ ఇంటిని మాత్రం మళ్లీ కట్టలేదు. గుడిసెలకు దూరంగా నాలుగు కర్రలు పాతి పాలిథిన్ పట్టా కప్పి, ఆడవాళ్లను అందులోకి పంపారు. పాములు వచ్చేవి. దారిన పోయే మగవాళ్లు తొంగి చూసేవాళ్లు. సెలవులకు వెళ్లిన ప్రతిసారీ ఆయమ్మ ఆ గుడిసెల పెద్దమనిషి దగ్గరికి పోయి తలుపు అడిగేది.

"ఈ జాగనే మనది కాదు. దానికి తలుపు ఒకటా? దొరసానివైనవా పట్నం పోయి?" అనేవాడు ఆయన.

"దొరసానులకే పాములు కరుస్తయా?" అని తిరిగొచ్చేది.

నేను డిగ్రీలో ఉన్నప్పుడు పట్నం నుంచి ఒక బృందం అక్కడికి వెళ్లింది. ఆడవాళ్ల ఆరోగ్యం కోసం వచ్చామన్నారు. ఆయమ్మ ఆ రోజు అక్కడే ఉంది. తలుపు కావాలని వాళ్లనూ అడిగింది.

"తలుపు కాదమ్మా, అసలు ఆ గుడిసే ఉండకూడదు. మీరు ఇంట్లోనే ఉండాలి" అన్నారు.

"ఇంట్ల ఉండనిస్తరా? జర ఆ ముసలాయనను అడుగున్రి."

అడిగారు. పెద్దమనిషి తల ఊపాడు. కర్రలు పీకేశారు, పట్టా చుట్టేశారు, ఫొటోలు దిగారు, సబ్బులు పంచి వెళ్లిపోయారు. పెద్దమనిషి ఊపింది తల మాత్రమే. మరుసటి నెల ఆడవాళ్లను ఇప్పచెట్టు కిందికి పంపారు.

ఆయమ్మ కూతురు వానాకాలంలో ఆ చెట్టు కింద తడిసింది. జ్వరం వచ్చింది. మైల తీరేదాకా ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకునే వేళకు, ఎడ్లబండి మీద రోడ్డు దాకా తీసుకుపోయేంత ప్రాణం మాత్రమే మిగిలింది.

ఆయమ్మ తిరిగి వచ్చి మళ్లీ నిలువుగా ఊడ్చింది. ఒక్కసారి, ఇస్త్రీ గదిలో, దుప్పటి మడత పెడుతూ అంది: "మీ తాన దాస్తరు, మా తాన ఎల్లగొడ్తరు, పట్నమోళ్లొచ్చి పీకేస్తరు. యాడ కూసుంటవమ్మా అని అడిగినోడు ఒక్కడు లేడు." ఆ మాట విన్నప్పటి నుంచి ఆచారాల గురించి ఎవరైనా ఉపన్యాసం మొదలుపెడితే, పొగిడినా తిట్టినా, నాకు ఒళ్లు మండుతుంది.

మట్టి చేయడానికి వాచ్‌మన్ తాతా నేనూ ఆ గుడిసెల దాకా జీపులో వెళ్లాం. ముసురు పట్టి ఉంది. పెద్దమనిషి కళ్లు తుడుచుకుని "మంచి మనిషి" అన్నాడు. జీవితమంతా కాదన్నవాడు. అప్పటి పట్నం బృందంలోని మేడమ్ ఒకామె దండతో వచ్చింది. నా పక్కన నిలబడి, "ఇప్పుడు ఇక్కడ ఆ గుడిసె లేదు తెలుసా? ఎంత మార్పో!" అంది. ఆమె వైపు చూశాను. ఆమె దాన్ని దుఃఖం అనుకుని నా భుజం తట్టింది.

ఆడవాళ్లు వాళ్ల భాషలో పాడుతూ ఒక్కొక్కరే పిడికెడు మట్టి వేశారు. నేనూ వేశాను.

చనిపోయిన కూతురికి ఒక బిడ్డ ఉంది. పదమూడేళ్లు. అమ్మమ్మ మీద మట్టి వేయడానికి ఆ పిల్లను రానివ్వలేదు. మేం జీపు ఎక్కేటప్పుడు కంచె అవతల, ఇప్పచెట్టు కింద, గొడుగు పట్టుకుని కూర్చుని ఉంది.