అతికించిన చప్పట్లు

నాన్నగారు ప్రాణంగా చూసుకున్న రాక్ కచేరీ క్యాసెట్ గురించి మొన్న చదివాను. ఆ కచేరీ నాటికే ఆ బ్యాండువాళ్ళకి ఒకరితో ఒకరికి మాటల్లేవట. సగం పాటలు తర్వాత స్టూడియోలో విడివిడిగా పాడి, చప్పట్లు అతికించారట.

ఆ సంగతి నేను ఎనిమిదేళ్ళప్పుడే కనిపెట్టాను. దోహాలో చమురు డబ్బు పొంగుతున్న రోజులవి. ఆ ఊళ్ళోనే అల్ ముంతజా అనే పేటలో మా ఇల్లు. ఏసీ చప్పుడు మీదుగా చెవులు రిక్కించి వింటే, మూడో పాట చివర ఈల వేసినవాడే ఆరో పాట చివరా అచ్చం అలాగే వేశాడు.

"ఇది దొంగ ఈల నాన్నగారూ," అన్నాను.

"ఈ అనుమానపు బుద్ధి ఎవరి పోలికో," అని కసిరారు.

ఆ శుక్రవారం కాకినాడలో ఉన్న మామ్మకి ఎప్పట్లాగే ఉత్తరానికి బదులు క్యాసెట్ నింపుతున్నాం. "బాగున్నాం అత్తయ్యగారూ" అంటూనే అమ్మ ఏడ్చేసింది. నాన్నగారు టేపు వెనక్కి తిప్పి, "నవ్వుతూ చెప్పు. నువ్వూ పక్కన నవ్వవే," అన్నారు. నవ్వాను. కచేరీ క్యాసెట్టు కూడా ఈయనే ఇలా చేసుంటారని ఆ క్షణం నుంచి నా అనుమానం.

నెల తర్వాత మామ్మ జవాబు క్యాసెట్ వచ్చింది. "మీ నవ్వులు విన్నాను. కోడలి గొంతు బొంగురుగా ఉంది. ఎందుకేడ్చిందో అది పంపండి."

పోలిక ఎవరిదో నాన్నగారికి తెలిసినట్టుంది. ఈసారి అమ్మ ఏడిస్తే టేపు వెనక్కి తిప్పలేదు.