బ్రేకు మీది కాలు

కరోనా తగ్గిన వేసవిలో నేను పుదుచ్చేరిలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా ఉన్నాను. యానాం నుంచి బదిలీ మీద వచ్చి రెండేళ్లయింది. పదిహేనేళ్లు దాటిన సొంత కారు రిజిస్ట్రేషను పొడిగించాలంటే బండిని మా మైదానానికి తెచ్చి చూపించాలి. కదలని బండి అయితే ముందు ఇంటి దగ్గరే ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు సరిచూసి రమ్మని మమ్మల్ని పంపేవారు. ఛాసిస్ అంటే బండి అడుగు చట్రం. ఆ పని మీదే మూలకుళంలో ఆర్. మునుసామి ఇంటికి వెళ్లాను.

మునుసామి బట్టల మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. కారు అతని అన్నది. ఒక మధ్యాహ్నం అన్న కారును పెరట్లోకి తెచ్చి ఆపి, సీట్లోనే గుండె ఆగి పోయాడు. ఇంజను ఇంకా ఆడుతూనే ఉందట. ఆ తర్వాత బండిని నెట్టబోతే చక్రాలు కదల్లేదు. ఉన్నచోటనే పైన రేకులు వేశారు. వదిన కన్నియమ్మ ఏళ్ల తరబడి ఎవరినీ దాన్ని ముట్టనివ్వలేదు. ఆ ఏడు తనే మరిదిని పిలిచి, నడిపిస్తే నడిపించు, లేకుంటే పగలగొట్టి అమ్మెయ్యి, కిటికీ తీస్తే అదే కనబడుతోంది, ఇంక నా వల్ల కాదు అందట. అన్న బండిని పాత ఇనుముకు వెయ్యడానికి మునుసామికి మనసొప్పలేదు. ఇంజను విప్పి బిగించాడు, వైర్లన్నీ మార్చాడు. బ్రేకులు మిగిలాయి.

నంబర్లు సరిపోయాయి. లైట్లు కూడా చూద్దురుగాని అని అతను కొత్త బ్యాటరీ తగిలించి, తాళం తిప్పి నా పక్కకు వచ్చాడు. వెనక ఎర్ర దీపాలు రెండూ వెలిగాయి. బ్రేకు తొక్కితేనే వెలిగే దీపాలవి. బండిలో ఎవరూ లేరు. లోపలికి తొంగి చూశాను. బ్రేకు పెడల్ అడుగుదాకా దిగి ఉంది.

కారణం నాకు తెలిసిందే. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్లో పిస్టను ఆయిలును గొట్టాల్లోకి నెడుతుంది. పిస్టను తుప్పుపట్టి పట్టేస్తే ఒత్తిడి లోపలే నిలిచిపోతుంది, ఆ ఒత్తిడికే దీపమూ వెలుగుతుంది. అన్నేళ్లు నిలవడం మాత్రం నేనెక్కడా చూడలేదు. అదే మునుసామికి చెబుతుంటే మెట్ల మీద నుంచి కన్నియమ్మ భర్త గురించి అంది:

“ఆయప్ప కాలు ఇంగా దాని మీదనే ఉండాది సార్.”

మునుసామి బండి కిందికి దూరాడు. వెనక చక్రం దగ్గర, బ్రేకు గొట్టంలోని గాలి తీసే నిపుల్‌ను స్పానరుతో వదులు చేశాడు. నల్లటి ఆయిలు గోడకు చిమ్మింది. దీపాలు ఆరిపోయాయి. అక్కడిదాకా అంతా లెక్క ప్రకారమే. పెడల్ కదల్లేదు. పిస్టను పట్టేసి ఉంది కాబట్టి అదీ సబబే.

కన్నియమ్మ దిగి వచ్చింది. డ్రైవరు వైపు కిటికీ దగ్గర వంగి, అలసిన మనిషితో మాట్లాడినట్టు, ఖాళీ సీటుతో అంది:

“ఇల్లు వచ్చేసినాం. కాలు తియ్యి.”

పెడల్ పైకి లేచింది. స్ప్రింగు కొట్టినట్టు కాదు, బండి ఆగిందని నమ్మకం కుదిరాక మనిషి కాలు తీసినట్టు, మెల్లగా. పెడల్‌ను వెనక్కి నెట్టే ఒత్తిడి అప్పటికే గోడ మీద పడి కారుతోంది. ఆవిడ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. బండి కింద నుంచి మునుసామి, ఏందయింది సార్, అని అడిగాడు. పెడల్ వచ్చింది అని మాత్రం అన్నాను.

మాస్టర్ సిలిండర్‌ను తట్టాంచావడిలో ఒక వర్క్‌షాపుకు పంపారు. లోపల తొక్కిన చోటే బిగుసుకున్న పిస్టను సుత్తి దెబ్బలకు కూడా ఊడిరాలేదని, చివరికి కోసి తీశామని మెకానిక్ చెప్పాడు. కొత్తది బిగించాక బండి మైదానానికి వచ్చింది. నియమం ప్రకారం నేనే నడిపి, బ్రేకు తొక్కి చూశాను. నాలుగు చక్రాలూ సమంగా పట్టాయి. పాస్ చేశాను. కన్నియమ్మ వెనక సీట్లో కూర్చుని ఊళ్లో సారం పేట దాకా వెళ్లివచ్చిందని తర్వాత విన్నాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నా ముందుకు వచ్చిన ప్రతి పాత బండి దగ్గరా, దీన్ని చివరగా నడిపింది ఎవరని ముందు అడిగేవాణ్ణి. పరిశీలన నియమాల్లో ఆ ప్రశ్న లేదు. జవాబు విన్నాకే తలుపు తీసేవాణ్ణి.