నిమ్మముళ్ళ మీద మిడతలు

రాజోలు దగ్గర ఆ ఊళ్ళో పసిపిల్లకి నీళ్ళు పోయాలంటే వీరాయమ్మే రావాలి. పీట మీద కూర్చుని, చాపిన కాళ్ళ మీద బిడ్డను బోర్లా పడుకోబెట్టిందంటే, ఎంత ఏడుపుగొట్టు బిడ్డైనా సగం స్నానానికే కునుకు తీస్తుంది. ఇప్పుడు బ్యాంకులో ఆఫీసరైన గోపీకృష్ణ కూడా ఒకప్పుడు ఆ కాళ్ళ మీద ఉచ్చ పోసినవాడే. బ్యాంకుకి వెళ్ళినప్పుడల్లా ఆవిడ ఆ సంగతి నలుగురిలో గుర్తుచేస్తుంది.

అంతటి మనిషి, దడి అవతల పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే ఇంట్లోనే కూర్చోవలసి వచ్చింది. ఆ పిల్ల తల్లి లక్ష్మీదుర్గ, వీరాయమ్మ తోడికోడలు భవానీదేవి కూతురు. వీరాయమ్మ చేతుల్లోనే పెరిగింది, పురిటికి పుట్టింటికొచ్చింది. భవానీదేవికి వంట వచ్చు, వ్యవసాయం వచ్చు, పసిపిల్లకి నీళ్ళు పోయడం మాత్రం రాదు. ప్లాస్టిక్ టబ్బులో ముంచి తీస్తోంది. ఆ ఏడుపు వినలేక వీరాయమ్మ దడిదాకా వెళ్ళి వెనక్కొచ్చేసేది.

ఇంతకీ వెళ్ళకపోవడానికి కారణం దడిలో ఉన్న నిమ్మచెట్టు. నాలుగేళ్ళ కిందట, దసరా వెళ్ళాక ఒక పొద్దున ఆ చెట్టు ముళ్ళకి మిడతలు గుచ్చి ఉన్నాయి. మర్నాడు తలలేని తొండపిల్ల. చేతబడి అని వీరాయమ్మకి వెంటనే తట్టింది. చెట్టుకి అటుపక్క ఉన్నది భవానీదేవే కాబట్టి, చేసిందెవరో కూడా తేలిపోయింది. విరుగుడుగా రోజూ చెట్టు మొదట్లో పసుపూ కుంకుమా చల్లడం మొదలుపెట్టింది. అటునుంచి ఆ పసుపూ కుంకుమా చూసిన భవానీదేవికి కూడా బుర్ర ఉంది కదా! చేతబడి వీరాయమ్మదేనని ఆవిడా తేల్చుకుంది. మాటలు ఆగిపోయాయి. ఉగాది వెళ్ళేసరికి ముళ్ళు ఖాళీ అయ్యేవి, దసరా వెళితే మళ్ళీ మొదలు. చేతబడికి ఎండాకాలం సెలవు కాబోలనుకుంది వీరాయమ్మ. లక్ష్మీదుర్గ పెళ్ళి దడి సందుల్లోంచి చూసింది. అరటిబోదె అడ్డమొచ్చి తలంబ్రాలు కనబడలేదు. ఆ రోజు అన్నం తినకుండా ఏడ్చింది.

ఈ కార్తీకంలో ఇక ఓపిక నశించింది. రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకుని కడిగేద్దామని, తెల్లారుతూనే దడి పక్కన నక్కి కూర్చుంది.

గరగరమని కర్కశంగా అరుస్తూ ఒక పిట్ట వచ్చి వాలింది. పిచ్చుక కంటే కాస్త పెద్దది. గోధుమరంగు వీపు, కొక్కెంలా వంగిన ముక్కు, కళ్ళకి అడ్డంగా నల్లటి పట్టీ. నోట్లో ఉన్న మిడతను ముల్లు మీద పెట్టి కిందికి లాగింది. అది గుచ్చుకున్నాక చీల్చుకు తింది. డేగకున్నంత బలం కాళ్ళలో లేదు పాపం, ముల్లే దానికి కత్తిపీట. సగం తిని, మిగతాది మళ్ళీ తినడానికి అక్కడే ఉంచింది.

"ఓసి నీ దుంప తెగ!" అంది వీరాయమ్మ.

దడి అవతలనుంచి కూడా సరిగ్గా అదే మాట వినబడింది. చీపురు పట్టుకుని భవానీదేవి అక్కడ గొంతుక్కూర్చుని ఉంది.

"ఎంతసేపైందే వచ్చి?" అందావిడ.

"మీకంటే ముందే వచ్చేనక్కా."

"నేను కోడి కూయకముందే వచ్చేను."

అరుపులకి లక్ష్మీదుర్గ బయటికొచ్చి, పిట్టను ఫొటో తీసి ఫోన్లో వెతికింది.

"కసాయిపిట్టంటమ్మా. సైబీరియా వైపు పిల్లల్ని పెంచుకుని, చలికాలానికి ఇలా వచ్చేస్తుందంట. ఏటా వచ్చిన చోటికే వస్తుందంట పిన్నీ. తన చెట్టు దగ్గరికి ఇంకో పిట్టని రానివ్వదంట."

"అదెంతపనీ, అది మాకూ వచ్చు," అంది భవానీదేవి.

ఎవరూ నవ్వలేదు. లోపల పసిది లేచి ఏడుపందుకుంది.

"మన లక్ష్మీదుర్గ పెళ్ళి నేను చూళ్ళేదక్కా," అంది వీరాయమ్మ.

భవానీదేవి దడిలోంచి రెండు కొబ్బరిమట్టలు పీకి పక్కన పడేసి, లోపలికెళ్ళి బిడ్డను తెచ్చి ఆ సందులోంచి అందించింది.

"నీళ్ళు కాగేయి. ఇక్కడికే తెస్తాను."

"ఆయ్," అని వీరాయమ్మ నేలమీదే చతికిలబడి కాళ్ళు చాపింది. బిడ్డ ఏడుపు ఆగింది. నీళ్ళు ఇంకా రాకముందే ఆవిడ కాళ్ళ మీద వెచ్చగా తడిసింది.

"పోసిందక్కా," అంది వీరాయమ్మ వెక్కుతూ. "వాళ్ళమ్మా ఇంతే."