చురుక్కుమనే మలాం

పడవ బీటలకు గుగ్గిలం పూయడం రేవులో అందరికీ తెలుసు. అదే గుగ్గిలాన్ని పొడి కొట్టి, నువ్వుల నూనెలో కరిగించి, నీళ్లు మార్చి మార్చి వెన్నలా తెల్లబడేదాకా మెదిపి మలాం చేయడం మాత్రం తలుపులమ్మకే చేతనవును. పగిలిన మడమలకైనా, వల తాడు కోసిన చేతులకైనా ఆవిడ డబ్బానే దిక్కు. రాయగానే చురుక్కుమంటుంది, ఆ తర్వాత చల్లబడుతుంది.

ఆ పొద్దున తమ్ముడు బుల్లియ్య కుంటుకుంటూ వచ్చాడు. భీమవరం దగ్గర రొయ్యల చెరువు మీద వాడికి పని. పది రోజుల కిందట కాలికి నత్తగుల్ల కోసుకుందట.

"కాస్త మలాం రాయవే అక్కా. రేపు చెరువు పట్టుబడి, రొయ్యలన్నీ తీసేస్తారు. నేను లేకపోతే కుదరదు."

కట్టు విప్పగానే వాసన గుప్పుమంది. రెండు వేళ్లు నల్లబడి ఉన్నాయి. తలుపులమ్మ ఆ వేళ్ల పక్కనే గోటితో గట్టిగా నొక్కింది.

"నొప్పెడుతోందా?"

"అబ్బే, నొప్పే లేదు. తగ్గిపోతున్నట్టుంది."

"షుగరు బిళ్లలు వేసుకుంటున్నావా?"

బుల్లియ్య విననట్టే కట్టు మళ్లీ చుట్టుకోబోయాడు.

ఓరి వెర్రి నాయనా, నొప్పి లేదని సంబరమా! వాళ్ల నాన్న కూడా సరిగ్గా ఇదే మాటన్నాడు. ఆయన పాదానికి నెల్లాళ్లు తనే మలాం రాసింది. పైన తెల్లగా, చల్లగానే ఉంది. లోపల కాలు కుళ్లి, ఆయన్నే తీసుకుపోయింది.

"నేను రాయను. ఆసుపత్రికి పద."

"అక్కడ కోసేస్తారే! ఊరందరికీ రాస్తావు, సొంత తమ్ముడికి చేదైపోయిందా?" అంటూ డబ్బా లాక్కుని మూత తీశాడు.

తలుపులమ్మ ఒక్క ఉదుటున గుంజుకుని, డబ్బా మొత్తం పొయ్యి బూడిదలో బోర్లించేసింది. రెండు రోజుల చాకిరీ అది.

"అయిపోయిందిరా మందు. ఇంక ఆటో ఎక్కు."

"నువ్వు అక్కవేనా అసలు?" అని తిడుతూనే ఎక్కాడు. ఆవిడ వాడి కాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దారంతా ఆ పాదం ఎక్కడ తాకినా వాడికి తెలియడం లేదు.

ఇంకో రెండు రోజులైతే మోకాలి దాకా పోయేదన్నాడు డాక్టరు. రెండు వేళ్లు తీసేశారు. కాలు నిలబడింది. బుల్లియ్య మాత్రం మూడు నెలలు అక్క గడప తొక్కలేదు.

ఓ మధ్యాహ్నం వచ్చి, మొహం అటు తిప్పుకుని, తాడు ఒరుసుకుని చీరుకుపోయిన అరచెయ్యి చాపాడు.

"రాస్తావా? ఇదీ పారబోస్తావా?"

తలుపులమ్మ మలాం తీసి మెల్లగా రాసింది.

"అమ్మో! మండుతోందే రాక్షసీ!"

ఆవిడకు ఏడుపు తన్నుకొచ్చింది. వాడి చెయ్యి వదల్లేదు.

"మండనీరా నాయనా," అంది. "మండనీ."